పొరుగూరి పొగ, మన ఊపిరి



పక్కింట్లో ఎండుమిరపకాయలు తాలింపులో వేస్తే మనింట్లో అందరికీ దగ్గు వస్తుంది. మధ్యలో గోడ ఉంది. వాళ్ల స్థలం వేరు, మన స్థలం వేరు, పట్టాలు కూడా వేరే. అయినా ఆ ఘాటు గోడ దూకి మన వరండాలోకి వచ్చేస్తుంది. మనం తుమ్ముకుంటూనే "ఏం వదినా, ఈ రోజు పచ్చడా?" అని అడుగుతాం. అక్కడ పొగ ఎవరిదో కనుక్కోవడానికి ఏ లెక్కా అక్కరలేదు, ఆ ఘాటే చెబుతుంది. కాని అదే పొగ వందల కిలోమీటర్ల అవతలి నుంచి వస్తే? వాసన ఉండదు. రంగు తెలియదు. గాలిలో కలిసి, పలచబడి, వేరే పదార్థంగా మారి వస్తుంది. అప్పుడు "ఇది మీ పొగే" అని ఎవరిని అడగగలం?

చలికాలంలో ఛాతీ వ్యాధుల ఓపీలో ఈ ప్రశ్న తరచు వినపడుతుంది. అరవై దాటిన ఒక పెద్దావిడ, పిల్లికూతలతో మాట కూడా సరిగా రాని స్థితిలో వచ్చి, నెబ్యులైజర్ పెట్టాక కొంచెం తేరుకుని అడిగారు: "మా ఊళ్లో ఫ్యాక్టరీ లేదమ్మా. మా ఇంటాయన బీడీ మానేసి పదేళ్లయింది. మరి నాకీ ఆయాసం ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

నిజం చెప్పాలంటే ఒక రోగి ఊపిరితిత్తుల్లోకి పోయిన ధూళి ఏ ఊరిదో ఎక్స్‌రే చూసి ఏ డాక్టరూ చెప్పలేరు. కాని ఒక ప్రాంతపు గాలి మొత్తం మీద ఎవరి పొగ ఎంత ఉందో లెక్క కట్టే విద్య ఒకటి ఉంది. యాభై ఏళ్లుగా అది మెరుగుపడుతూ వచ్చింది. దాని సంగతి మన పాఠకులకు తెలిస్తే మంచిదనిపించింది. పేపర్లలో, టీవీల్లో "ఢిల్లీ కాలుష్యంలో ఇంత శాతం పంజాబ్‌ది" అని వస్తుంటుంది కదా, ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

గాలి ఎంత దూరం మోస్తుంది?

రోడ్డు మీద లేచే మట్టిదుమ్ము బరువైనది. కొద్ది దూరంలోనే నేల మీద పడిపోతుంది. మన ముక్కులోని వెంట్రుకలు, జిగురు దానిని చాలావరకు ఆపుతాయి. అసలు చిక్కు సన్నని ధూళితోనే. దీనిని పి.ఎం. 2.5 అంటారు. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటె సన్ననివి. మన తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. కొన్ని రక్తంలోకీ చేరతాయి. అందుకే ఉబ్బసం, సి.ఓ.పి.డి. మాత్రమే కాక గుండెపోటు, పక్షవాతం కూడా వీటి వల్ల పెరుగుతాయి. ఇంటి పొగ, బయటి పొగ కలిపి ఏటా సుమారు 67 లక్షల మంది అకాల మరణానికి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంత సన్నని ధూళి త్వరగా కింద పడదు. వాన కడిగితే తప్ప రోజుల తరబడి గాలిలోనే ఉంటుంది. ఒక చిన్న లెక్క వేసుకోండి. గాలి సెకనుకు అయిదు మీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. అది పెద్ద గాలేమీ కాదు, గంటకు 18 కిలోమీటర్లు, తీరికగా తొక్కే సైకిలు వేగం. ఒక రోజులో 430 కిలోమీటర్లు. మూడు రోజులకు దాదాపు 1,300 కిలోమీటర్లు. విజయవాడ నుంచి బయలుదేరితే మూడు నాలుగు రాష్ట్రాలు దాటిపోవచ్చు.

ఇంకొక సంగతి. బొగ్గు కాల్చినప్పుడు గంధకపు వాయువు వస్తుంది. అది దారిలోనే మెల్లగా మారిపోయి సల్ఫేటు అనే సన్నని ధూళి అవుతుంది. పొలాల నుంచి, పశువుల పేడ నుంచి వచ్చే అమ్మోనియా దానితో కలుస్తుంది. అంటే ఒక రాష్ట్రపు చిమ్నీ, ఇంకొక రాష్ట్రపు ఎరువు కలిసి మూడో రాష్ట్రంలో ధూళి అవుతాయన్నమాట. ఇలాంటప్పుడు "ఎవరిది?" అన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పడం కుదరదు.

చేపలు పోయిన సరస్సులు

ఈ లెక్క మొదలైంది ఆసుపత్రుల్లో కాదు, చేపల దగ్గర.

నార్వే దక్షిణ భాగంలో, స్వీడన్‌లో వేల సరస్సులున్నాయి. పరిశుభ్రమైన నీళ్లు, చుట్టూ అడవులు, దగ్గరలో పెద్ద పరిశ్రమలూ లేవు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్క సరస్సులో చేపలు కనపడకుండా పోసాగాయి. నీళ్లు అద్దంలా ఉండేవి, అడుగు కనపడేంత తేటగా. కాని అందులో ప్రాణం లేదు. నీళ్లు పుల్లబడ్డాయి, అంటే ఆమ్లగుణం పెరిగింది. ఆ ఆమ్లం నేలలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి తెచ్చింది. అది చేపల మొప్పలకు పట్టుకుంటే ఊపిరాడదు. చేపకు కూడా ఆయాసమే.

వానలో ఆమ్లం ఉంటుందన్న మాట అప్పటికే పాతది. మాంచెస్టర్ నగరంలో పనిచేసిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1852లోనే దానిని గమనించారు. "ఆమ్ల వర్షం" అన్న మాటను 1872లో తన పుస్తకంలో వాడారు. కాని ఆయన చూసింది ఆ ఊరి పొగ ఆ ఊరి వానలో పడడం. నార్వేలో అలాంటి పొగ లేదు, ఆమ్లం మాత్రం ఉంది.

ఈ మధ్యకాలంలో బ్రిటన్‌లో ఇంకొకటి జరిగింది. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని అయిదు రోజులు పొగమంచు కమ్మేసింది. నాలుగు వేల మంది చనిపోయారని అప్పటి అంచనా. తరువాతి పరిశోధకులు పన్నెండు వేల దాకా ఉండవచ్చన్నారు. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం చేశారు. ఆ తరువాతి కాలంలో విద్యుత్ కేంద్రాలకు బాగా పొడవైన చిమ్నీలు కట్టారు. దగ్గరి ఊళ్లకు మేలు జరిగిన మాట నిజం. కాని గంధకం ఎక్కడికి పోతుంది? పైకెక్కింది, గాలినెక్కింది. ఐరోపాలో ఎక్కువగా వీచేది పడమటి గాలి. ఆ గాలి దారిలో సముద్రం దాటితే నార్వే, స్వీడన్.

1967లో స్వాంటె ఓడేన్ అనే స్వీడన్ నేలల శాస్త్రజ్ఞుడు, ఐరోపా అంతటా ఏళ్ల తరబడి సేకరించిన వాననీటి కొలతలను గాలి దిశలతో జోడించి చూశారు. మా సరస్సులలో పడుతున్న ఆమ్లం బ్రిటన్ నుంచి, మధ్య ఐరోపా నుంచి వస్తోందని ఒక దినపత్రికలో రాశారు. చాలామంది నమ్మలేదు. సముద్రం దాటి పొగ వస్తుందా అన్నారు. నిజానికి ఆ ప్రశ్న వేయడం తప్పు కాదు. ఒక దేశం ఇంకొక దేశం మీద ఇంత మాట అన్నప్పుడు రుజువు అడగాలి కదా.

ఆ రుజువు కోసమే 1972లో పదకొండు ఐరోపా దేశాలు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. నార్వే గాలి పరిశోధన సంస్థ దానిని నడిపింది. అనేక చోట్ల గాలిని, వానను రోజూ కొలిచారు. విమానాలతో పైగాలిని కూడా కొలిచారు. 1977లో ఫలితం వచ్చింది: గంధకం నిజంగానే సరిహద్దులు దాటి వెయ్యి కిలోమీటర్లకు పైగా పోతోంది, ప్రతి దేశమూ కొంత పంపుతోంది, కొంత పుచ్చుకుంటోంది. నార్వే, స్వీడన్‌లలో పడేదానిలో ఎక్కువ భాగం బయటిదే.

లెక్క ఎలా కడతారు?

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఇది కష్టమైనదేమీ కాదు.

మొదట ఒక పటం తీసుకుని గళ్లు గీస్తారు, పిల్లల లెక్కల నోటుబుక్కులోలాగా. తొలినాళ్లలో ఒక్కొక్క గడి 150 కిలోమీటర్ల పొడవు, 150 కిలోమీటర్ల వెడల్పు. తరువాత 50 కిలోమీటర్లకు వచ్చారు. ఇప్పుడు పది కిలోమీటర్ల వరకు తగ్గింది. గళ్లు నేల మీద మాత్రమే కాదు, ఒకదానిపై ఒకటి పైకి కూడా ఉంటాయి, డబ్బాలు పేర్చినట్టు.

తరువాత ఒక్కొక్క గడిలో ఎంత పొగ పుడుతోందో రాస్తారు. ఎన్ని విద్యుత్ కేంద్రాలు, ఎంత బొగ్గు, ఎన్ని లారీలు, ఎన్ని ఇటుక బట్టీలు, ఎన్ని ఇళ్లలో కట్టెల పొయ్యి, ఎంత చెత్త తగలబెడుతున్నారు. ఈ పట్టిక తయారుచేయడమే అన్నిటికంటె కష్టం. అబద్ధాలు దూరేది, పాత లెక్కలు మిగిలిపోయేది కూడా ఇక్కడే.

ఆపైన వాతావరణ శాఖ ఇచ్చే గాలి వేగం, దిశ, వాన, వేడి అన్నీ గంట గంటకూ అందులో పెడతారు. ఒక గడి నుంచి పక్క గడికి ఎంత పొగ జరిగింది, దారిలో ఎంత మారింది, వానతో ఎంత దిగింది, ఆకుల మీద, నేల మీద ఎంత అంటుకుంది అని కంప్యూటరు కూడుతూ, తీసివేస్తూ పోతుంది. ఏడాది పొడవునా ఇదే పని. చివరకు ప్రతి గడిలో ఎంత ధూళి ఉండాలో చెబుతుంది. దానిని నిజంగా కొలిచిన అంకెలతో పోల్చి చూస్తారు. దీనినే నమూనా లేదా మోడల్ అంటారు.

మరి ఎవరి వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? దీనికి మన ఆసుపత్రిలోనే మంచి పోలిక ఉంది. ఎనిమిది రకాల మాత్రలు వాడే ఒక పెద్దాయనకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయనుకోండి. ఏ మాత్ర వల్ల వచ్చాయి? డాక్టరు ఒక్కొక్క మాత్రను ఆపి చూస్తారు. మోడల్‌లోనూ అంతే. ఒక దేశపు పొగను మాత్రం కంప్యూటరులో తగ్గించి, మిగిలినవన్నీ అలాగే ఉంచి, ఏడాది లెక్క మళ్లీ నడుపుతారు. ఏ దేశంలో ఎంత తగ్గిందో చూస్తారు. తరువాత రెండో దేశం, మూడో దేశం. పొగను పూర్తిగా ఆపరు, ఐరోపా లెక్కలో 15 శాతం తగ్గించి చూస్తారు. ఎందుకంటే గాలిలోని రసాయనాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒక దేశపు పొగ మొత్తాన్నీ తీసేస్తే మిగిలిన వాటి నడక కూడా మారిపోయి లెక్క తప్పుతుంది. మనమూ కొన్ని మాత్రలను ఒక్కసారిగా ఆపం, మెల్లగా తగ్గిస్తాం.

ఇలా వచ్చిన అంకెలతో ఒక పెద్ద పట్టిక తయారవుతుంది. అడ్డంగా పంపిన దేశాలు, నిలువుగా పుచ్చుకున్న దేశాలు. ఇంతకాలం గోడకు అటూ ఇటూ నిలబడి అరుచుకున్న వాళ్ల చేతికి మొదటిసారి ఒక ఖాతా పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం మీదే ఒప్పందాలు నిలిచాయి. 1979 నవంబరులో జెనీవా నగరంలో, గాలి కాలుష్యం దేశాలు దాటడం గురించి 32 దేశాలు సంతకం చేశాయి. అవి అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజులు. అయినా ఇద్దరూ సంతకం పెట్టారు. లెక్క కట్టే కేంద్రాలు కూడా ఒకటి ఓస్లోలో, ఒకటి మాస్కోలో పెట్టారు. 1985లో హెల్సింకిలో గంధకపు పొగను 30 శాతం తగ్గించాలని ఒప్పుకున్నారు. బ్రిటన్ అప్పుడు సంతకం చేయలేదు. 1994లో ఓస్లోలో పద్ధతి మార్చారు. అందరికీ ఒకటే శాతం కాకుండా, ఏ నేల ఎంత ఆమ్లం తట్టుకోగలదో చూసి, దానిని బట్టి ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క లక్ష్యం పెట్టారు. చంటిబిడ్డకూ పెద్దమనిషికీ మనం ఒకే మోతాదు ఇవ్వం కదా. ఆ ఒప్పందంలో బ్రిటన్ కూడా చేరింది. 1980తో పోలిస్తే ఐరోపాలో గంధకపు పొగ నేడు 80 శాతానికి పైగా తగ్గింది. నార్వే వాళ్లు పుల్లబడిన నదుల్లో సున్నం కలిపారు. పోయిన చేపలు చాలాచోట్ల తిరిగి వచ్చాయి, అన్నిచోట్లా కాదు.

లెక్కను నమ్మవచ్చా?

1986 ఏప్రిల్ 28 ఉదయం స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో పనికి వచ్చిన ఒక ఉద్యోగి బూట్లకు రేడియోధార్మికత ఉందని అలారం మోగింది. మొదట తమ కేంద్రంలోనే ఏదో కారిందనుకున్నారు. వెతికితే ఏమీ లేదు. ఇతర చోట్ల కూడా అదే కనిపించింది. అప్పుడు గాలిని వెనక్కి నడిపి చూశారు. రెండు రోజులుగా ఈ గాలి ఎక్కడి నుంచి వస్తోంది? దారి సోవియట్ యూనియన్ వైపు పోయింది. ఆ సాయంత్రమే చెర్నోబిల్‌లో ప్రమాదం జరిగిందని మాస్కో ప్రకటించింది. ప్రమాదం జరిగి అప్పటికి రెండు రోజులైంది. దూరం సుమారు 1,100 కిలోమీటర్లు.

ఆ తరువాత ఈ మోడళ్లకు నిజంగానే పరీక్ష పెట్టారు. 1994 అక్టోబరు 23న ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న ఒక చోటు నుంచి 340 కిలోల హానిలేని వాయువును పన్నెండు గంటల పాటు గాలిలోకి వదిలారు. మామూలు గాలిలో దాదాపుగా ఉండని వాయువు అది. 17 దేశాలలో 168 చోట్ల గాలి నమూనాలు పట్టారు. శాస్త్రజ్ఞులు అది ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో ముందే చెప్పాలి. కొన్ని మోడళ్లు బాగానే చెప్పాయి, కొన్ని దారి తప్పాయి. ఎక్కడ తప్పాయో తెలిసింది గనుక సరిచేసుకున్నారు. నాకు ఈ పరీక్ష చాలా నచ్చుతుంది. మందును కూడా మనం ఇలాగే నమ్ముతాం, పరీక్ష పెట్టాకనే.

గాలిని వెనక్కి నడిపే ప్రోగ్రాములు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ తయారుచేసిన హైస్ప్లిట్ అనేదాన్ని మన విశ్వవిద్యాలయాల పరిశోధకులు కూడా వాడుతున్నారు. కాని ఒక జాగ్రత్త ఉంది. అది బస్సు ఏ ఊళ్ల మీదుగా వచ్చిందో చెబుతుంది, ఏ ఊళ్లో ఎవరెక్కారో చెప్పదు. అందుకు పైన చెప్పిన పెద్ద లెక్క కావాలి.

మన వైపు సంగతి

1999 తొలి నెలల్లో మాల్దీవుల నుంచి ఎగిరిన పరిశోధన విమానాలు హిందూ మహాసముద్రం మీద గోధుమ రంగు పొగపొరను కొలిచాయి. మన దేశపు సాగర కన్య ఓడ కూడా ఆ పరిశోధనలో పాల్గొంది. దానికి నాయకత్వం వహించినవారిలో మన చెన్నైలో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ గారు ఒకరు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట అంత పొగ ఎక్కడిది? చలికాలంలో మన వైపు గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఉపఖండపు పొగ మొత్తం అలా కొట్టుకుపోతోంది. దానికి ముందు ఏడాదే, 1998లో, మాలే నగరంలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు, ఇరాన్ కలిసి ఒక ప్రకటన చేశాయి. సరిహద్దులు దాటే కాలుష్యాన్ని కలిసి కొలుద్దాం, కలిసి తగ్గిద్దాం అని. ఐరోపా ఒప్పందంలాగా ఇంత తగ్గించి తీరాలన్న నిబంధన మాత్రం అందులో లేదు.

ప్రపంచ బ్యాంకు 2023లో ప్రచురించిన దక్షిణాసియా నివేదికలో ఈ పంపిన–పుచ్చుకున్న లెక్క ఉంది. మన పంజాబ్ రాష్ట్రపు కాలుష్యంలో సుమారు 30 శాతం పాకిస్తాన్ పంజాబ్ నుంచి వస్తోందట. బంగ్లాదేశ్‌లోని పెద్ద నగరాల కాలుష్యంలో సగటున 30 శాతం మన దేశం నుంచి పోతోందట. పుచ్చుకునేవాళ్లం మనమే, పంపేవాళ్లమూ మనమే. ఢాకా, ఖాట్మండు, కొలంబో నగరాలలో ఊరి సొంత పొగ మూడో వంతేనని కూడా ఆ నివేదిక చెప్పింది. 2024 నవంబరులో లాహోరు, ఢిల్లీ ఒకే పొగమంచులో మునిగినప్పుడు రెండు వైపులా బడులు మూసివేశారు.

నదికి పరీవాహక ప్రాంతం ఉన్నట్టే గాలికీ ఉంటుందని ఆ నివేదిక చెబుతూ, దక్షిణాసియాలో అలాంటివి ఆరు పెద్దవి గుర్తించింది. మనకు ఆనుకుని ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లది అందులో ఒకటి. నది మాట వచ్చింది గనుక చెబుతున్నాను. కృష్ణా నీళ్లు ఎవరికెంత అని బచావత్ ట్రిబ్యునల్ 1973లో పంపకం చెప్పింది, ఆ తగువు ఇంకా మనకు తెలిసిందే. నీళ్ల దగ్గర "మాకు రాలేదు" అని తగువు. గాలి దగ్గర "మా నుంచి పోలేదు" అని తగువు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాష్ట్రాల గాలికి 2021లో చట్టం ద్వారా ఒక కమిషన్ పెట్టారు. మిగిలిన మన దేశంలో అంత మాత్రం కూడా లేదు.

పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2021లో ఢిల్లీ కోసం ఒక మోడల్ తయారుచేసింది. ఈ రోజు ఢిల్లీ గాలిలో బండ్ల వాటా ఎంత, పక్క జిల్లాల వాటా ఎంత, వరి కొయ్యకాళ్ల పొగ ఎంత అని అది లెక్క ఇచ్చింది. కొయ్యకాళ్ల వాటా ఒక రోజు ఒకటి రెండు శాతం, గాలి అటు నుంచి తిరిగిన రోజు ముప్పై దాటడం కూడా చూశాం. పాత పొగ పట్టికలతో లెక్క కడుతున్నారన్న విమర్శ దాని మీద వచ్చింది, అది సబబైన విమర్శే. అందువల్ల పేపర్లో శాతం చూసినప్పుడు అది ఏ రోజుదో, ఏ నెలదో కూడా చూడండి. ఒక్క రోజు అంకె పట్టుకుని రైతును తిట్టడం, ఏడాది సగటు పట్టుకుని రైతు పొగ ఏమీ లేదనడం, రెండూ సరికావు.

మలేషియాలో, సింగపూర్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇంకొక పొగ తెలుసు. ఇండొనేషియా అడవులు, బురదనేలలు తగలబడినప్పుడు వచ్చే పొగ. 1997లో, 2015లో మరీ ఎక్కువైంది. దాని మీద ఆసియాన్ దేశాలు 2002లో ఒప్పందం చేసుకున్నాయి. ఇండొనేషియా పార్లమెంటు దానిని ఆమోదించడానికి 2014 దాకా పట్టింది.

ఇక మన తీరం. 2006 వేసవిలోనూ, మళ్లీ 2008–09 చలికాలంలోనూ ఇస్రో వారు ఓడలతో, విమానాలతో బంగాళాఖాతం మీది ధూళిని కొలిచారు. చలికాలంలో గంగా మైదానపు పొగ సముద్రం మీదికి దిగివస్తోందని తేలింది. గాలి వాటాన్ని బట్టి అది మన కోస్తాను కూడా తాకుతుంది. అయితే మన పొగ మనకు తక్కువ లేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు 13, తెలంగాణవి 4 ఉన్నాయి. అంతా పై నుంచి వస్తోందని చెప్పి చేతులు దులుపుకోవడానికి ఈ లెక్కలు ఒప్పుకోవు. పక్క దేశం నుంచి 30 శాతం వస్తోందని తేలిన చోట కూడా మిగిలిన 70 శాతం అక్కడి నుంచి వచ్చింది కాదు కదా.

మన ఇంట్లో ఏం చేయవచ్చు?

దూరపు పొగను మనం ఆపలేం. అది వచ్చే రోజు తెలుసుకోవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ అనే యాప్‌లో గాలి నాణ్యత సూచిక కనిపిస్తుంది. ఫోను వాడడం రానివారు మనవళ్లను అడగండి, వాళ్లకు సరదాగా ఉంటుంది. సూచిక 100 లోపు ఉంటే ఫరవాలేదు. 200 దాటితే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణీలు, చంటిపిల్లలు బయట ఎక్కువసేపు ఉండకూడదు. 300 దాటితే ఆరోగ్యవంతులు కూడా పరుగులు, వ్యాయామాలు మానుకోవాలి.

చలికాలంలో తెల్లవారుజామున నడక మంచిదని చాలామంది అనుకుంటారు. ఛాతీ జబ్బు ఉన్నవారికి అది మంచిది కాదు. ఆ వేళ నేల దగ్గరి గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు. పొగంతా మూత పెట్టినట్టు కిందనే ఉంటుంది. ఎండ వచ్చి నేల కాస్త వేడెక్కాక నడవండి. బయటికి తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే ఎన్-95 మాస్కు, ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి. చేతిరుమాలు, చీరకొంగు సన్నని ధూళిని ఆపవు.

చెత్తకుప్పకు నిప్పు పెట్టకండి. భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేసేవారికి చెప్పండి. క్రిస్మసుకు, కొత్త సంవత్సరానికి మన పిల్లలు కాల్చే టపాకాయల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, పక్కవాళ్ల పండుగ పొగ గురించి మాత్రమే మాట్లాడితే న్యాయం కాదు. ఆ రాత్రుల తరువాత ఓపీలో వరుస పెరుగుతుంది.

మొదట చెప్పిన పెద్దావిడ సంగతి. వంట గ్యాసు మీదే చేస్తున్నామని చెప్పారు. ఇంకొంచెం అడిగితే స్నానాల నీళ్లు మాత్రం రోజూ కట్టెల పొయ్యి మీద, కొబ్బరి మట్టలు, ఒక్కోసారి ప్లాస్టిక్ కవర్లు వేసి కాస్తున్నామన్నారు. ఆ పొయ్యి ఆవిడ పడుకునే గది కిటికీ కింద ఉంది. "అదెంతమ్మా, అరగంట పొగ!" అన్నారు. ఏడాదికి ఎన్ని అరగంటలో ఇద్దరం కలిసి లెక్కవేశాం. నూట ఎనభైకి పైగా గంటలు వచ్చాయి. ఆవిడ ఆయాసంలో ఆ పొయ్యి వాటా ఎంతో, ఉత్తరాది పొగ వాటా ఎంతో నేను చెప్పలేదు, చెప్పలేను కూడా. కాని మాత్రను ఆపి చూసినట్టు ఆ పొయ్యిని ఆపి చూద్దామన్నాను.

నెల తరువాత వచ్చారు. పొయ్యిని కొడుకు పెరటి చివరకు మార్చాడట, కోడలు చిన్న హీటరు కొనమని అడుగుతోందట. రాత్రి లేవడం తగ్గిందన్నారు. ఇన్‌హేలర్ మాత్రం తప్పుగానే వాడుతున్నారు, మందు సగం నాలుక మీదే పోతోంది. మళ్లీ మొదటి నుంచి చూపించాం. ముందు ఊపిరి పూర్తిగా వదిలేయాలి. పంపును పెదవులతో గట్టిగా మూసి పట్టుకోవాలి. నొక్కుతూనే మెల్లగా లోపలికి పీల్చాలి. పది అంకెలు లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టాలి. తరువాత నోరు పుక్కిలించాలి. మీ ఇంట్లో ఎవరైనా పంపు వాడుతుంటే ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు దానిని వెంట తీసుకురండి. ఎలా వాడుతున్నారో నర్సమ్మగారి ముందు ఒకసారి చేసి చూపించండి.